బల్లమీద కొండలు

బొమ్మ సేనలతో బల్లమీద ఆడే యుద్ధక్రీడలున్నాయి. సైనికులు రాక్షసులైనా, రాజకుమారులైనా గెలుపోటములలో నేలకు పెద్ద పాత్ర ఉంటుంది. 1812లో రైస్విట్జ్ ప్రష్యా రాజుకు సమర్పించిన ఆటబల్లపై కొండలు, నదులు ఉన్న చదరపు పలకలను కావలసినట్లు మార్చి అమర్చుకోవచ్చు.

నేల బలమేమిటో మన మన్యానికి తెలుసు. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో అల్లూరి సీతారామరాజు దళం ఎత్తున పొంచి, కింద ఇరుకు దారిన వస్తున్న పోలీసు బలగంపై కాల్పులు జరిపింది. కవర్డ్, హైటర్ అనే అధికారులు మరణించారు.

అడ్డతీగల దగ్గరి కొండ నొకదానిని మనమూ కడదామా? సర్వే ఆఫ్ ఇండియా వారి 1:50,000 పటంలో గోధుమరంగు గీతలుంటాయి. ఒకే ఎత్తుగల చోట్లను కలిపే ఈ గీతలే సమోన్నత రేఖలు. అవి దగ్గరగా ఉంటే వాలు నిటారు; దూరంగా ఉంటే మెల్లని వాలు. ఒక్కొక్క రేఖను అట్టపై దించి, కత్తిరించి, వరుసగా ఒకదానిపై ఒకటి అతికించండి.

ఇప్పుడు లెక్క చూడండి. రేఖల మధ్య ఎత్తు తేడా 20 మీటర్లయితే, పటం కొలతలో అది 0.4 మిల్లీమీటరే! 2 మిల్లీమీటర్ల అట్ట వాడితే ఎత్తు 5 రెట్లు పెరుగుతుంది. 5 మీటర్లకు 1 మీటరు లేచే వాలు, నమూనాలో 45 డిగ్రీల వాలై కనబడుతుంది.

అయితే నమూనా పనికిరాదా? శిఖరం నుంచి దారికి ఒక దారం బిగించి పట్టండి. మధ్యలో ఏ గుట్టా తగలకపోతే, అక్కడి నుంచి దారి కనబడుతుందన్నమాట. గుట్ట, దారం రెండూ 5 రెట్లే పెరిగాయి కనుక ఈ పరీక్ష తప్పదు. చెట్ల చాటు మాత్రం మీరే లెక్కలోకి తీసుకోవాలి.