ఊపిరి పీలిస్తే మారిపోయే సాంద్రత

రాయి సాంద్రత కనుక్కోవడం ఏ బడిలోనైనా పది నిమిషాల పని. కాటా మీద తూచి, దారం కట్టి కొలజాడీలో ముంచి, నీటిమట్టం ఎంత పెరిగిందో చూసి భాగిస్తే సరి. అదే పద్ధతిలో తొమ్మిదో తరగతి పిల్లవాడి సాంద్రత కనుక్కోమంటే మాత్రం తిరకాసు మొదలవుతుంది. ద్రవ్యరాశితో పేచీ లేదు, చిక్కంతా ఘనపరిమాణం దగ్గరే.

ఇళ్ల ముందు నీళ్లు పట్టుకునే 200 లీటర్ల నీలం ప్లాస్టిక్ డ్రమ్ము దీనికి బాగా పనికొస్తుంది. సగం పైదాకా నీళ్లు పోసి మట్టం దగ్గర గీత గీయాలి. పిల్లవాడు అందులో మెడదాకా మునిగేలా కూర్చున్నాక రెండో గీత. అతను బయటికొచ్చాక వెంటనే జగ్గుతో లెక్కపెట్టడం మొదలుపెట్టకూడదు. ఒంటికీ నిక్కరుకీ అంటుకుని కొన్ని నీళ్లు బయటికి పోయి ఉంటాయి. ముందు కింది గీతదాకా నింపి, ఆ తర్వాత పై గీతదాకా ఎన్ని లీటర్లు పట్టిందో కొలవాలి. తల పరిమాణం టేపుతో కొలిచి అంచనా కట్టి కలుపుకోవాలి. అక్కడ అర లీటరు అటూ ఇటూ అవుతుంది.

ఈ డ్రమ్ము లోపలి వ్యాసం సుమారు 57 సెంటీమీటర్లు. అంటే నీటిమట్టం ఒక్క మిల్లీమీటరు మారితే పావు లీటరు తేడా. 45 కిలోల పిల్లవాడు దిగితే మట్టం పెరిగేది పదిహేడు సెంటీమీటర్లకు అటూ ఇటూ. నీళ్లేమో అలలు కొడుతూ ఉంటాయి, పిల్లవాడు నవ్వకుండా ఉండడు. పైగా అతను ఊపిరి పీల్చినప్పుడల్లా మట్టం లేస్తుంది, వదిలినప్పుడల్లా దిగుతుంది. గీత ఎప్పుడు గీయాలి?

అసలు విషయం ఇక్కడే ఉంది. ఊపిరితిత్తుల్లోని గాలిని పక్కన పెడితే ఆ 45 కిలోల శరీరం సుమారు 42.5 లీటర్లు ఉంటుందనుకుందాం. ఎంత బలంగా ఊపిరి వదిలినా లోపల లీటరు దాకా గాలి మిగిలే ఉంటుంది. అప్పుడు సాంద్రత ఘన సెంటీమీటరుకు 1.03 గ్రాములు. నిండా పీల్చి నాలుగు లీటర్ల గాలి పట్టిస్తే 0.97. నీటి సాంద్రత 1. ఒక్క శ్వాసలో మనం నీటికన్నా తేలికా అవుతాం, బరువూ అవుతాం. బావిలో ఈత నేర్చుకున్నవాళ్లకు ఇది ఒంటికి తెలిసిన సంగతే. గుండెల నిండా గాలి పీల్చి వెల్లకిలా పడుకుంటే తేలతారు, గాలి వదిలేస్తే కాళ్లు ముందు దిగి మెల్లగా మునుగుతారు. మృత సముద్రం నీటి సాంద్రత 1.24 దాకా ఉంటుంది కనుక అక్కడ ఊపిరితో పని లేదు, ఎవరైనా తేలాల్సిందే.

మనిషి సాంద్రతను పద్ధతిగా కొలిచినవారు అమెరికా నౌకాదళ వైద్యుడు ఆల్బర్ట్ బెంకీ. ఎత్తు, బరువు పట్టికల ప్రకారం అధిక బరువున్నట్టు తేలిన ఫుట్‌బాల్ ఆటగాళ్లను ఆయన నీటిలో తూచారు. వాళ్ల సాంద్రత ఎక్కువగా వచ్చింది. ఒంట్లో ఉన్నది కొవ్వు కాదు, కండ. 1942లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. గీతలు గీయడంకన్నా నీటిలో తూచడం మేలు: ఊపిరి వదిలి మునిగిన మన 45 కిలోల పిల్లవాడు నీళ్లలో తూగేది కిలోన్నర మాత్రమే, ఆ చిన్న అంకెను కచ్చితంగా చదవొచ్చు. మిగిలిన గాలిని విడిగా కొలిచి లెక్కలోంచి తీసేస్తారు.

కొవ్వు సాంద్రత 0.9, మిగతా శరీరానిది సుమారు 1.1. దీని ఆధారంగా 1961లో విలియం సిరి ఒక సూత్రం చెప్పారు: 495ని సాంద్రతతో భాగించి 450 తీసేస్తే కొవ్వు శాతం వస్తుంది. సాంద్రతలో ఒక్క శాతం తప్పు దొర్లితే కొవ్వు లెక్క నాలుగైదు పాయింట్లు జారిపోతుంది. మన డ్రమ్ములో ఆ ఒక్క శాతం తప్పు తల దగ్గరే వచ్చేసింది. అదీగాక ఆ సూత్రం పెద్దవాళ్ల కోసం తయారైంది. పిల్లల కండరాల్లో నీరు ఎక్కువ కనుక వాళ్లకు లేని కొవ్వు ఉన్నట్టు చూపిస్తుంది. తరగతి గదిలో ఎవరి కొవ్వు శాతమూ బోర్డు మీద రాయక్కర్లేదు.

డ్రమ్ము లేకపోతే మరో దారి ఉంది. డిజిటల్ కాటా మీద నీళ్ల బకెట్ పెట్టి, అంచుకూ అడుగుకూ తగలకుండా చేయి ముంచాలి. నీరు చేతిని పైకి నెడుతుంది, చేయి నీటిని అంతే బలంతో కిందికి నెడుతుంది. కాటాలో ఎన్ని గ్రాములు పెరిగితే, మునిగిన చేయి అన్ని మిల్లీలీటర్లు. అందరూ చేయవచ్చు, చేయి తప్ప ఒళ్లు తడవనక్కర్లేదు.

ఉపాధ్యాయులకు ఒక్క మాట. డ్రమ్ములో తల ముంచమని ఏ పిల్లవాడినీ అడగకండి, ఇష్టపడి ముందుకొచ్చినవాళ్లతోనే చేయించండి, నీటి దగ్గర పెద్దవాళ్లు ఇద్దరు తప్పనిసరిగా ఉండేలా చూడండి.