ఆస్పత్రిలో చాప్లిన్: అందరి శిక్షణ ఒకటి కాదు

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లిన అమ్మీ అబ్బాలు ఆస్పత్రిలో చేరితే, బెడ్ దగ్గరికి చాప్లిన్ రావచ్చు. మన బాధ వినడం, ధైర్యం చెప్పడం, కోరితే దువా చేయడం వారి పని. కానీ ఆ బ్యాడ్జీ వెనక ఉన్న శిక్షణ అందరికీ ఒకేలా ఉండదు.

డాక్టర్లు, నర్సులకు ఉన్నట్టు చాప్లిన్లకు అక్కడ ప్రభుత్వ లైసెన్స్ లేదు. సర్టిఫికెట్ ఇచ్చేది ప్రైవేటు సంఘాలే. వాటిలో పేరున్న అసోసియేషన్ ఆఫ్ ప్రొఫెషనల్ చాప్లిన్స్ మాస్టర్స్ స్థాయి చదువు, రోగుల మధ్య నేర్చుకునే సీపీఈ శిక్షణ 4 యూనిట్లు, 2,000 గంటల పని అనుభవం అడుగుతుంది. ఒక్కో యూనిట్ కనీసం 400 గంటలు. 2016లో మొదలైన స్పిరిచువల్ కేర్ అసోసియేషన్ పద్ధతి వేరు, అక్కడ పరీక్షలకు ప్రాధాన్యం ఎక్కువ. ఏ సర్టిఫికెట్ లేనివారిని పెట్టుకునే ఆస్పత్రులూ ఉన్నాయి.

సర్టిఫికెట్‌కు చాలాసార్లు మత సంస్థ ఆమోదం కూడా అడుగుతారు. చర్చిలో పాస్టర్‌కు ఇచ్చే దీక్ష లాంటిది ఇస్లాంలో లేదు కాబట్టి, ముస్లిం చాప్లిన్లకు ఇస్నా లాంటి సంస్థలు ఆ పత్రం ఇస్తాయి.

కాబట్టి మొహమాటపడకుండా అడగండి: సీపీఈ ఎన్ని యూనిట్లు చేశారు? సర్టిఫికెట్ ఎవరిచ్చారు? ముస్లిం చాప్లిన్ ఉన్నారా? ఒక్క మాట గుర్తుంచుకోండి. చాప్లిన్ ముఫ్తీ కాదు. వెంటిలేటర్ తీసే విషయంలో వైద్యం సంగతి డాక్టర్‌నీ, షరియత్ సంగతి నమ్మకమైన ఆలిమ్‌నీ అడగాలి. ఇద్దరి మాటా విని నిర్ణయం తీసుకునేటప్పుడు, కుటుంబానికి తోడుగా ఉండేది మంచి చాప్లిన్.