ఆఫీసు కంప్యూటర్ల లెక్క: ఉద్యోగంలో చేరేవారు తెలుసుకోవలసినవి

చదువు ముగించి బెంగళూరు, చెన్నై, పూణే వంటి నగరాల్లో ఉద్యోగంలో చేరే మన పిల్లలకు తొలి రోజుల్లోనే ల్యాప్‌టాప్, ఛార్జరు, హెడ్‌సెట్ ఇచ్చి, ముట్టినట్లు సంతకం తీసుకుంటారు. చాలామంది ఆ కాగితం చదవరు. ఉద్యోగం మానే రోజున అదే బయటికి వస్తుంది. లెక్క తేలకపోతే ఆఖరి జీతం, రిలీవింగ్ లెటరు ఆలస్యం కావచ్చు. అందుకే ఈ లెక్క ఎలా నడుస్తుందో తెలుసుకుందాం. ఐటీ సపోర్టు ఉద్యోగాలకు వెళ్ళదలచినవారికి ఇది రోజువారీ పని కూడా.

రిజిస్టరులో ఏముంటుంది?

పొలానికి కర్ణాటకలో పహణి, తమిళనాడులో అడంగల్ ఉన్నట్లే, ఆఫీసు యంత్రాలకు అసెట్ రిజిస్టరు ఉంటుంది. తయారీదారు వేసిన సీరియల్ నంబరు మన సర్వే నంబరు వంటిది. కంపెనీ తన సొంత నంబరుతో, బార్‌కోడ్‌తో మరో స్టిక్కరు అంటిస్తుంది. దీన్ని అసెట్ ట్యాగ్ అంటారు. వీటితోపాటు మోడల్, కొన్న తేదీ, వారంటీ గడువు, వాడే ఉద్యోగి పేరు, అంతస్తు, సీటు నంబరు రాస్తారు.

చిక్కు ఎక్కడ వస్తుంది?

యంత్రం, మనిషి, సీటు – ఈ మూడూ వేర్వేరు. డెస్క్‌టాప్, మానిటరు సీటుతో ఉంటాయి. ల్యాప్‌టాప్ మనిషి వెంట వెళుతుంది. ప్రింటరు అంతస్తుకు చెందుతుంది. అన్నిటినీ ఒకే వరుసలో కలిపి రాస్తే, ఒక విభాగం రెండో అంతస్తు నుంచి నాలుగో అంతస్తుకు మారిన రోజునే లెక్క తప్పుతుంది. అందుకని ఏ యంత్రం ఎవరి పేర ఉందో ఒక పట్టిక, ఎవరు ఏ సీటులో ఉన్నారో మరో పట్టిక పెట్టి, రెంటినీ ఉద్యోగి నంబరుతో కలుపుతారు. 2020 మార్చి లాక్‌డౌన్‌లో యంత్రాలు ఇళ్ళకు తరలినప్పుడు, ఎవరు ఏది తీసుకెళ్ళారో రాసుకోవడం ఎంత అవసరమో తెలిసివచ్చింది.

నెట్‌వర్కు ఎంతవరకు చెబుతుంది?

నెట్‌వర్కు కార్డుకు 12 అంకెలు, అక్షరాలతో మ్యాక్ అడ్రసు ఉంటుంది. అది ఏ పోర్టులో కనిపిస్తోందో స్విచ్ చెబుతుంది. ఆ పోర్టు నుంచి కేబులు ఏ సీటుకు వెళ్ళిందో ముందే రాసి ఉంటేనే చోటు తెలుస్తుంది. వైఫైలో అయితే ఏ యాక్సెస్ పాయింటుకు కలిసిందో మాత్రమే తెలుస్తుంది. ఆపివేసి బీరువాలో పెట్టిన యంత్రం అసలు కనబడదు. కనుక అప్పుడప్పుడు మనిషి తిరిగి స్టిక్కర్లు సరిచూడక తప్పదు.

ఎందుకింత శ్రద్ధ?

ఏ యంత్రాలున్నాయో తెలియకపోతే వాటికి భద్రత కల్పించలేం. ఐ.ఎస్.ఓ. 27001 ప్రమాణం (2022) ఈ జాబితాను, ఉద్యోగం వదిలేటప్పుడు సామాను వాపసును ప్రస్తావిస్తుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న ఈ-వేస్టు నిబంధనల ప్రకారం, పెద్దయెత్తున పరికరాలు వాడే సంస్థలు పాతవాటిని నమోదైన రీసైక్లర్ల వంటివారికే ఇవ్వాలి. లెక్క లేకుండా ఇది సాగదు.

విద్యార్థులకు సూచనలు

1. సంతకం చేసే ముందు కాగితంలోని సీరియల్ నంబరును యంత్రం అడుగున ఉన్న నంబరుతో పోల్చండి. గీతలు, పగుళ్ళు ఉంటే అప్పుడే రాయించండి.

2. సీటు మారినా, యంత్రం మార్చుకున్నా ఐటీ విభాగానికి ఈ-మెయిల్ పంపండి. నోటిమాట చాలదు.

3. వాపసు ఇచ్చేటప్పుడు సీరియల్ నంబరుతో రసీదు తీసుకుని దాచుకోండి.

4. ఈ పని నేర్చుకోదలచినవారు స్నైప్-ఐటీ, జి.ఎల్.పి.ఐ. వంటి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్లతో, అధ్యాపకుల అనుమతి తీసుకుని, కాలేజీ ల్యాబులోని కంప్యూటర్ల జాబితా తయారుచేయవచ్చు. ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి అది చేసిన పని అవుతుంది.

తల్లిదండ్రులు కూడా పిల్లల చేత ఆ మొదటి కాగితం నకలు ఇంట్లో భద్రపరిపించగలరు.