ఎగరడానికి ముందు దిగడం నేర్పండి



క్రిస్మస్, సంక్రాంతి వచ్చాయంటే మన ఊళ్ళలో వాలీబాల్ పోటీలు కూడా వచ్చినట్టే. పండుగ దాటాక మా ఓ.పి.లో మోకాలు పట్టుకుని కుంటుతూ వచ్చే మగపిల్లలు నలుగురైదుగురు తప్పకుండా కనిపిస్తారు. ఏం చేశావు నాయనా అని అడిగితే, "జంప్ పెంచుకుందామని రోజూ రెండొందల గంతులు వేశాను సిస్టర్" అంటారు. ఎక్కువమంది ఫోన్‌లో వీడియో చూసి మొదలుపెట్టినవాళ్ళే. కొద్ది వారాల్లో అడుగు ఎత్తు ఎక్కువ ఎగరవచ్చని ఆ వీడియోల్లో చెబుతారు, పిల్లలు నమ్ముతారు.

పిల్లల కోరికను నేను తప్పు పట్టను. మగవాళ్ళ వాలీబాల్ నెట్ ఎత్తు 2.43 మీటర్లు, ఆడవాళ్ళది 2.24 మీటర్లు. పొడుగు తక్కువైన పిల్లవాడు బంతిని నెట్ మీద నుంచి కొట్టాలంటే ఎగరక తప్పదు. ఆటలు ఆడితే ఆత్మీయంగా చల్లారిపోతారని భయపడే పెద్దలు మన సంఘాల్లో ఇంకా కొందరున్నారు. వాలీబాల్ పుట్టిందే వై.ఎం.సి.ఎ.లోనని వారికి గుర్తు చేస్తున్నాను. 1895లో అమెరికాలో విలియం మోర్గాన్ అనే వై.ఎం.సి.ఎ. వ్యాయామ శిక్షకుడు దాన్ని మొదలుపెట్టారు. మన దేశంలో వ్యాయామ ఉపాధ్యాయుల శిక్షణకు పేరుపొందిన మద్రాసు వై.ఎం.సి.ఎ. కళాశాలను 1920లో స్థాపించిన హారీ క్రో బక్ కూడా అక్కడి నుంచి వచ్చినవారే.

మనిషి నిలుచున్న చోట నుంచి ఎంత ఎత్తు ఎగరగలడో కొలిచే పద్ధతి చాలా సులువు. గోడ పక్కన నిలబడి చెయ్యి పైకి చాపి సుద్దతో ఒక గీత, ఎగిరి ఇంకొక గీత. రెండింటి మధ్య దూరమే వర్టికల్ జంప్. డడ్లీ సార్జెంట్ అనే అమెరికన్ వైద్యుడు 1921లో దీని గురించి రాశారు కాబట్టి సార్జెంట్ జంప్ అని కూడా అంటారు. నెలకొకసారి కొలిస్తే చాలు. రోజూ గోడ పాడుచేయడం తప్ప ప్రయోజనం లేదు.

గంతుల సాధనతో ఎంత పెరుగుతుంది? అనేక పరిశోధనలను కలిపి చూసి 2007లో ప్రచురించిన ఒక సమీక్షలో సగటు పెరుగుదల సుమారు 5 నుంచి 9 శాతం మధ్య ఉంది. అంటే 40 సెంటీమీటర్లు ఎగిరే పిల్లవాడికి 2 నుంచి మూడున్నర సెంటీమీటర్లు. ఆటలో అది చిన్న లాభం కాదు, కానీ అడుగు మాత్రం కాదు.

ఎగిరేటప్పుడు ముందు కొంచెం కిందికి కుంగి, వెంటనే పైకి లేస్తాం. తొడ కండలు, వాటిని ఎముకకు కట్టి ఉంచే స్నాయువులు అప్పుడు ఉండేలు రబ్బరులా సాగి, తిరిగి దగ్గరకు వస్తాయి. తేడా ఒక్కటే. ఉండేలును లాగి ఎంతసేపు పట్టుకున్నా దెబ్బ తగ్గదు. మన కండ మాత్రం కుంగిన చోటే ఆగితే ఆ శక్తిని పోగొట్టుకుంటుంది. ఈ వేగాన్ని పెంచే సాధననే ప్లయోమెట్రిక్స్ అంటారు. బల్ల మీద నుంచి దూకి, నేల తాకగానే మళ్ళీ ఎగిరే పద్ధతిని సోవియట్ కోచ్ యూరీ వెర్ఖోషాన్‌స్కీ 1960లలో ప్రచారంలోకి తెచ్చారు. అది ఏళ్ళ తరబడి బరువులెత్తి కాళ్ళు గట్టిపడిన పెద్ద క్రీడాకారుల కోసం. మన పిల్లలు స్కూలు బెంచీ మీద నుంచి సిమెంటు అరుగు మీదకు దూకి అదే చేస్తున్నారు!

అపొస్తలుల కార్యములు మూడవ అధ్యాయంలో పుట్టుకతో నడవలేని మనిషి గంతులు వేశాడని చదువుతాం. అయితే వైద్యుడైన లూకా ముందుగా ఆ మనిషి కాళ్ళకు సత్తువ వచ్చిన సంగతి రాసి, ఆ తరువాతే గంతు గురించి రాశాడు. మా ఫిజియోథెరపీ విభాగంలో పిల్లలకు చెప్పే వరుస కూడా అదే.

మొదటి నాలుగు వారాలు బలం కోసం. కుర్చీలో కూర్చుని లేచినట్టు నిదానంగా కుంగి లేవడం 10 సార్లు చొప్పున మూడు విడతలు, మెట్టు ఎక్కి దిగడం, మునివేళ్ళ మీద లేవడం. వారానికి మూడు రోజులు చాలు. (బడిలో గుంజీళ్ళు శిక్ష అనుకుంటారు గానీ, నెమ్మదిగా తీస్తే మంచి వ్యాయామమే.) ఈ నెలలోనే దిగడం నేర్పాలి. ఒక్క మెట్టు మీద నుంచి దిగితే ముందు మునివేళ్ళు, తరువాత మడమ నేలకు ఆనాలి. మోకాళ్ళు వంగాలి, ఒకదాని వైపు ఒకటి వాలకూడదు. తల్లులకు ఒక గుర్తు చెబుతాను, చెవితో వినండి. దబ్బున శబ్దం వస్తే ఆ దెబ్బంతా మోకాలు మోస్తోందని అర్థం. దిగేటప్పుడు కాళ్ళ మీద పడే భారం చాలాసార్లు శరీర బరువుకు మూడు నాలుగు రెట్లు ఉంటుంది.

శబ్దం లేకుండా దిగడం వచ్చాక గంతులు మొదలుపెట్టవచ్చు. వారానికి రెండు రోజులే, మధ్యలో కనీసం రెండు రోజుల విరామం. కొత్తవాళ్ళకు ఒక పూటకు 60, 80 గంతులు దాటనవసరం లేదు, చిన్నపిల్లలకు ఇంకా తక్కువ. గడ్డి నేల గానీ మెత్తటి మట్టి గానీ ఉండాలి. మ్యాచ్‌లో వేసే గంతులు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. ఈ మాట కోచ్‌లు సైతం మరిచిపోతుంటారు.

ఆడపిల్లల విషయం వేరుగా చెప్పాలి. ఎదిగిన ఆడపిల్లలకు దిగేటప్పుడు మోకాళ్ళు లోపలికి వాలడం ఎక్కువ. మోకాలి లోపలి లిగమెంటు తెగే ప్రమాదం అవే ఆటలాడే మగపిల్లల కన్నా వీరికి ఎక్కువ. దిగడం నేర్పితే ఆ ప్రమాదం తగ్గుతుంది, కాబట్టి ఆట మాన్పించకండి.

10 నుంచి 15 ఏళ్ళ పిల్లలకు మోకాలి చిప్ప కింద ఎముక మీద బొడిపెలా లేచి, తాకితే నొప్పి పెట్టడం తరచుగా చూస్తాం. దీన్ని ఆస్‌గుడ్ ష్లాటర్ అంటారు. ఎదుగుతున్న ఎముకను స్నాయువు పదే పదే లాగడం వల్ల వస్తుంది. తల్లులు గడ్డ అనుకుని హడలిపోతారు. గంతులు తగ్గించి, గుడ్డలో చుట్టిన ఐసు 15 నిమిషాలు పెడితే చాలావరకు సర్దుకుంటుంది. ఎదుగుదల ఆగాక నొప్పి పోతుంది, బొడిపె మాత్రం మిగలవచ్చు. నాటు మాలిష్‌లు వద్దు. అయితే రాత్రి నిద్రలో లేపే నొప్పి, తగ్గని వాపు, జ్వరం, బరువు తగ్గడం ఉంటే ఆటనొప్పి అని ఇంట్లో కూర్చోకండి. వెంటనే తీసుకువస్తే డాక్టరుగారు ఎక్స్‌రే తీయిస్తారు. ఎముకలో ఇన్ఫెక్షన్, అరుదుగా క్యాన్సర్ కూడా అలాగే మొదలవుతాయి.

మా వార్డులో ఉండి వెళ్ళిన ఒక డిగ్రీ విద్యార్థి సంగతి చెప్పాలి. చిప్ప కింద నొప్పి ఉన్నా సెలక్షన్స్ దగ్గర పడ్డాయని వేరే చోట మోకాలికి రెండుసార్లు స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేయించుకున్నాడు. నొప్పి మాయమైంది. తరువాతి మ్యాచ్‌లో ఎగరబోతుంటే స్నాయువు తెగింది. ఆపరేషన్ తరువాత మళ్ళీ మామూలుగా నడిచాడు గానీ, ఆ ఏడాది సెలక్షన్స్ పోయాయి. అతని తల్లి మంచం పక్కన కూర్చుని అడిగిన ప్రశ్న ఒక్కటే: "నొప్పి పోయిందంటే తగ్గినట్టే కదమ్మా?" కాదు తల్లీ. స్టెరాయిడ్ స్నాయువును బలహీనపరచవచ్చు. మందుల షాపులో మాత్రలు కొని వేసుకుని ఆడటం కూడా నొప్పిని కప్పిపెట్టడమే.

తిండికి డబ్బా పొడులు అక్కర్లేదు. గుడ్డు, పప్పు, వేరుశెనగలు, పాలు, రాగిజావ చాలు. నిద్ర 8 గంటలకు తగ్గకూడదు. యవ్వనస్థుల ఆల్‌నైట్ ప్రేయర్ మరునాడు టోర్నమెంటు పెట్టవద్దని సంఘ పెద్దలను ప్రత్యేకంగా కోరుతున్నాను.

మోకాలి నొప్పితో పిల్లవాడిని తీసుకువచ్చేటప్పుడు వాడు ఆడే బూట్లు కూడా వెంట తెండి. వారానికి ఎన్ని రోజులు, రోజుకు ఎన్ని గంతులు వేస్తున్నాడో కాగితం మీద రాసి తెస్తే డాక్టరుగారికి సగం పని తగ్గుతుంది. లెక్క మాత్రం పిల్లవాడినే అడిగి రాయండి. తండ్రులు చెప్పేది ఎప్పుడూ తక్కువే ఉంటుంది.