మీకు తెలుసా? కడుపు కేన్సర్ లెక్క ఇంటివాళ్ల మాటల్లో దొరికింది

మనదేశంలో చాలామంది ఇంట్లోనే కన్నుమూస్తారు. ఏ జబ్బుతో పోయారో రాసిచ్చే డాక్టరు ఉండడు. నూజివీడు చుట్టుపక్కల పల్లెల్లోనూ అంతే. ‘కడుపునొప్పితో తీసుకుని తీసుకుని పోయాడు’ అంటారు. మరి కడుపు కేన్సర్ ఎంతమందిని పొట్టన పెట్టుకుంటోందో ఎలా తెలిసింది?

ఇంటింటికీ వెళ్లి అడిగితే తెలిసింది. 2001–03 మధ్య దేశమంతటా 11 లక్షల ఇళ్లలో జరిగిన మరణాలపై ఆరా తీశారు. ముద్ద మింగుడుపడేదా? వాంతులయ్యేవా? విరేచనం నల్లగా వచ్చేదా? మనిషి ఎన్నాళ్లలో చిక్కిపోయాడు? ఇలా అడిగి, ఇంటివాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే రాసుకునేవారు. దాన్ని ఇద్దరు డాక్టర్లు విడివిడిగా చదివి ఏ జబ్బో తేల్చేవారు.

ఫలితాలు 2012లో ‘లాన్సెట్’ పత్రికలో వచ్చాయి. 30 నుంచి 69 ఏళ్లలోపు కేన్సర్‌తో పోయిన మగవాళ్లలో 12.6 శాతం, ఆడవాళ్లలో 14.1 శాతం మందిది కడుపు కేన్సరే. మగవాళ్లలో నోటి కేన్సర్ తర్వాత, ఆడవాళ్లలో గర్భాశయ ముఖద్వార కేన్సర్ తర్వాత అప్పట్లో రెండో స్థానం దీనిదే. ఆ లెక్కలో ఆడవాళ్లలో రొమ్ము కేన్సర్ వాటా కూడా దీనికంటే తక్కువే! అయినా దీని ఊసెత్తేవాళ్లే తక్కువ.

దీనికి పెద్ద కారణం హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవి. దాన్ని కనిపెట్టిన ఆస్ట్రేలియా డాక్టర్లు మార్షల్, వారెన్‌లకు 2005లో నోబెల్ వచ్చింది. అది కడుపులో ఉన్న అందరికీ కేన్సర్ రాదు, కొద్దిమందికే వస్తుంది. పొగాకు, ఉప్పు ముప్పును పెంచుతాయి. మనదేశంలో ఈ కేన్సర్ బాగా ఎక్కువగా ఉన్న మిజోరంలో పొగాకు పొగ పట్టించిన నీళ్లను పుక్కిట పట్టే అలవాటుంది. ఆ నీళ్లను తుయిబుర్ అంటారు.

ఇంటింటా మామిడికాయ జాడీ ఉండే నూజివీడులో అడిగే ప్రశ్న ఒకటే: ఆవకాయ మానెయ్యాలా? ఉప్పులో ఊరేసిన తిండి ఈ ముప్పును పెంచే అవకాశం ఉందని ప్రపంచ కేన్సర్ పరిశోధన నిధి 2018లో చెప్పింది. కాకపోతే ఆ అధ్యయనాలు ఎక్కువగా చైనా, జపాన్, కొరియాల తిండి మీద జరిగినవి. వాటిని పట్టుకుని ఆవకాయను దోషిగా నిలబెట్టడం న్యాయం కాదు. అలాగని ఉప్పుతో వచ్చే ముప్పును తేలిగ్గా తీసుకోనూ కూడదు. మొదటి ముద్దలో ఆవకాయ బాగుంటుంది, పూటపూటా కూరకు బదులు అదే తినడం మాత్రం మంచిది కాదు.

దక్షిణ కొరియాలో 40 దాటినవాళ్లకు రెండేళ్లకోసారి ప్రభుత్వమే కడుపు పరీక్ష చేయిస్తుంది. మన దగ్గర ప్రభుత్వం ఊరూరా చేయించే కేన్సర్ పరీక్షలు నోటికి, రొమ్ముకు, గర్భాశయ ముఖద్వారానికే. కడుపు సంగతి మనమే చూసుకోవాలి. నడివయసు దాటాక కొత్తగా అజీర్తి మొదలై వారాల తరబడి తగ్గకపోయినా, నాలుగు ముద్దలకే కడుపు నిండిపోతున్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, విరేచనం నల్లగా వస్తున్నా గ్యాస్ బిళ్లలతో నెట్టుకురావద్దు. విజయవాడ దాకా వెళ్లాల్సి వచ్చినా సరే, డాక్టరుకు చూపించి ఎండోస్కోపీ అవసరమేమో అడగండి.