కంప్యూటర్‌కి ఫోన్ నెట్ పెడితే మధ్యలో కట్ అవుతోందా? ముందు తప్పు ఎక్కడుందో పట్టుకోండి

ఫైబర్ లైన్ లేని ఇంట్లో ఫోనే మోడెమ్. వీడియో చూసేటప్పుడు నెట్ రెండు నిమిషాలు పోతే పెద్ద నష్టం లేదు. ఆన్‌లైన్ ఇంటర్వ్యూ నడుస్తుండగా పోతే మాత్రం మళ్లీ ఛాన్స్ ఇస్తారన్న గ్యారంటీ లేదు. నేను ధారూర్ నుంచే వర్క్ ఫ్రమ్ హోమ్ చేస్తాను కాబట్టి ఈ బాధ బాగా తెలుసు. చాలామంది వెంటనే సిమ్ మార్చేస్తారు. అంతకన్నా ముందు ఓ పది నిమిషాలు పెట్టి ఈ చెకింగ్ చేసుకోండి.

1. పింగ్ టెస్ట్

విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ కమాండ్ కొట్టండి. డిఫాల్ట్ గేట్‌వే దగ్గర కనిపించే నంబరే మీ ఫోన్ అడ్రస్. ఇప్పుడు రెండు విండోలు పెట్టుకుని, ఒకదాంట్లో ఆ నంబర్‌కి, ఇంకోదాంట్లో 8.8.8.8కి పింగ్ ఇవ్వండి. చివర హైఫన్, టీ కలిపితే మీరు ఆపేదాకా నడుస్తూనే ఉంటుంది. నెట్ పోయినప్పుడు రెండూ చూడండి.

- ఫోన్‌కే పింగ్ ఆగితే, తప్పు కంప్యూటర్‌కి, ఫోన్‌కి మధ్యలో ఉంది.
- ఫోన్‌కి వెళ్తూ 8.8.8.8కి ఆగితే, తప్పు ఫోన్ దాటాక ఉంది.
- రెండూ నడుస్తూ సైట్లు మాత్రం తెరుచుకోకపోతే, డీఎన్ఎస్ మార్చి చూడండి.

2. కంప్యూటర్‌కి, ఫోన్‌కి మధ్య

హాట్‌స్పాట్ ఆపేసి యూఎస్‌బీ టెథరింగ్ పెట్టండి. కేబుల్ డేటా కేబులే అయి ఉండాలి, ఛార్జింగ్ ఒక్కటే ఎక్కే కేబుల్ పనికిరాదు. హాట్‌స్పాటే కావాలంటే, దాని సెట్టింగ్స్‌లో ఆటోమేటిక్‌గా ఆఫ్ అయ్యే ఆప్షన్ తీసేయండి. ల్యాప్‌టాప్ స్లీప్‌లోకి వెళ్లిన కాసేపటికి హాట్‌స్పాట్ మూసుకుపోయేది దానివల్లే. డివైస్ మేనేజర్‌లో వైఫై అడాప్టర్ ప్రాపర్టీస్‌లో పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్ ఉంటే, కరెంట్ ఆదా కోసం ఆ డివైస్‌ని ఆపేయొచ్చు అన్న టిక్ కూడా తీసేయండి.

3. కాల్ వస్తే నెట్ పోతోందా?

మన దేశంలో 1995 ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ జనానికి ఇంటర్నెట్ ఇచ్చినప్పుడు అంతా డయల్-అప్పే. పక్క గదిలో ఎవరైనా రిసీవర్ ఎత్తితే చాలు, నెట్ తెగిపోయేది. ఇప్పుడు కూడా అలాంటిదే జరుగుతుంది. వోల్టీఈ ఆఫ్‌లో ఉంటే కాల్ రాగానే ఫోన్ 4జీ వదిలేసి కింది నెట్‌వర్క్‌కి దిగుతుంది, డేటా ఆగుతుంది. రెండు సిమ్‌ల ఫోన్‌లో అయితే, ఒక సిమ్‌లో మాట్లాడుతుంటే రెండో సిమ్ డేటా ఆగిపోవడం మామూలే. వోల్టీఈ ఆన్ చేయండి. ముఖ్యమైన మీటింగ్ ఉన్నప్పుడు రెండో సిమ్‌ని కాసేపు ఆపేయండి.

4. సిగ్నల్

గీతలను నమ్మొద్దు. సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్, అందులో సిమ్ స్టేటస్‌లో డీబీఎం విలువ చూడండి. 4జీలో మైనస్ 90 అటూఇటూగా ఉంటే బాగున్నట్టు. మైనస్ 110 దాటి మైనస్ 115, 120 వైపు పోతే కట్ అవ్వడం ఖాయం. మా వైపు రాతి గోడల ఇళ్లు ఎక్కువ. రాయి, స్లాబ్ సిగ్నల్‌ని మింగేస్తాయి. ఫోన్‌ని కిటికీ దగ్గర పెట్టి పొడుగు యూఎస్‌బీ కేబుల్ లాగితే తేడా అక్కడికక్కడే కనిపిస్తుంది. 5జీ, 4జీ మధ్య ఫోన్ అటూఇటూ దూకుతుంటే, ప్రిఫర్డ్ నెట్‌వర్క్‌లో 4జీ మాత్రమే పెట్టి చూడండి.

సిగ్నల్ నిండుగా ఉన్నా నెట్ రాకపోతే టవర్ మీద రద్దీ అనుకోవచ్చు. నవంబర్‌లో ధారూర్ క్రైస్తవ జాతరకు వేలమంది వచ్చినప్పుడు ఇలాగే అవుతుంది. దానికి మీ ఫోన్‌లో మందు లేదు, ఇంకో ఆపరేటర్ సిమ్ ఒకటి దగ్గర ఉంచుకోవాలి.

5. రోజు డేటా అయిపోయిందేమో

చాలా ప్లాన్లలో రోజు కోటా దాటితే స్పీడ్ 64 కేబీపీఎస్‌కి పడిపోతుంది. పాత డయల్-అప్ మోడెమ్ స్పీడే 56 కేబీపీఎస్. పింగ్ వెళ్తుంది, వీడియో కాల్ మాత్రం నడవదు. విండోస్‌లో ఆ కనెక్షన్‌ని మీటర్డ్‌గా పెడితే అప్‌డేట్లు చాలావరకు ఆగుతాయి, డేటా మిగులుతుంది.

ఇంటర్వ్యూ ఉన్నవాళ్లకి ఒక్క మాట: ముందురోజు అదే టైమ్‌కి, అదే చోట కూర్చుని, గంటసేపు పింగ్ పెట్టి చూడండి. మధ్యలో తెగితే చోటు మార్చుకోవడానికో, వికారాబాద్‌లో స్నేహితుల ఇంటికి వెళ్లడానికో ఇంకా ఒక రోజు చేతిలో ఉంటుంది.