పలకకు ముందు పలుకు

మొయినాబాదు, చేవెళ్ల ప్రాంతమున మా ఎంకపల్లివంటి గ్రామములయందు మూడు మొదలు ఆరేండ్ల బిడ్డలలో పెక్కుమందికి అంగన్‌వాడియే తొలిబడి. అక్కడి చదువు నిలుచుటకు ఇంటియందు దినమునకొక పావుగంట అభ్యాసము కావలెను.

అక్షరమాల నంతయు గడగడ నప్పగించు బిడ్డ, పలకపై ‘తల’ యని వ్రాసి చూపినచో నోరు మెదపక నిలుచుట పెక్కిండ్ల గాననగును. వరుసను కంఠస్థము చేయుట వేరు, అక్షరమును గుర్తించుట వేరు. ఈ లోటు తీరనిచో పై తరగతులలో బిడ్డ పుస్తకమన్న బెదరును. కావుననే 2021లో భారత ప్రభుత్వము నిపుణ్ భారత్ పథకము నారంభించి, మూడవ తరగతి ముగియునాటికి ప్రతి బిడ్డయు అర్థము తెలిసి చదువవలెనని లక్ష్యముంచెను.

మొదట చెవికి పని కల్పింపుడు. బియ్యమేరుచునే ‘పలక’ యని పలికి, ప – ల – క యని మూడుమారులు చప్పట్లు కొట్టింపుడు. ‘ప’తో మొదలగు వస్తువులను ఇంట వెదకింపుడు. పిదప పళ్లెములో ఇసుక పోసి ఆ యక్షరమును వ్రేలితో దిద్దింపుడు. 1907లో రోమునగరమున బాలగృహమును తెరచిన మాంటిస్సోరిగారి పద్ధతియందును గరుకుకాగితపు టక్షరములను పిల్లలు వ్రేలితో తడవుదురు.

త, ల, ప, క, డ, వ – ఈ యారును వచ్చినచో తల, వల, పలక, కడవ, పడవ చదువవచ్చును. ‘ప’, ‘వ’లు రూపమున దగ్గరివి, ఒకే దినమున నేర్పరాదు. గుణింతములు, ఒత్తులు తరువాత.

తప్పు చదివిన గద్దింపక, కలిసి మరల చదువుడు. బిడ్డ విసుగుకొనకమునుపే చాలింపుడు. నేటి పాఠముకంటె రేపటి కోరిక ముఖ్యము.